హైకోర్టు పొరుగుకొస్తోంది: వీసీగారికి కొన్ని చిట్కాలు



బుద్వేల్ దగ్గర 100 ఎకరాల్లో తెలంగాణ హైకోర్టుకు కొత్త భవనాలు కట్టే పని మొదలైంది. 2024 మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ శంకుస్థాపన చేసి వెళ్లారు. రాజేంద్రనగర్ వైపు యూనివర్సిటీలు నడిపేవాళ్లకు ఇదెంత కష్టమో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇన్నాళ్లూ హైకోర్టంటే మూసీ ఒడ్డున, నయాపూల్ పక్కన, 1920లో తెరిచిన గుమ్మటాల భవనం. ఇక్కడి విద్యార్థి మన మీద రిట్ వేయాలంటే ఆరాంఘర్‌లో బస్సెక్కి, జూపార్కు, బహదూర్‌పురా దాటి, పాతబస్తీ ట్రాఫిక్‌లో నలిగి అక్కడికి చేరాలి. చేరేసరికి సగం కోపం చల్లారేది. మిగతా సగం వకీలు ఫీజు విన్నాక చల్లారేది. యూనివర్సిటీల పాలనకు ఆ దూరం చేసిన సేవ ఏ చట్టమూ చేయలేదు. కొత్త భవనం తెరిచాక కోర్టు ప్రహరీ అవతలే ఉంటుంది. పొద్దున్న మెస్‌లో ఉప్మా బాగాలేకపోతే మధ్యాహ్నానికల్లా అఫిడవిట్ తయారు.

అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేనొక యూనివర్సిటీ పరిపాలనా భవనంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. ఏ యూనివర్సిటీయో చెప్పను. పెన్షన్ అక్కణ్ణుంచే రావాలి. ఎందరో వీసీల దగ్గర ఫైళ్లు పెట్టినవాణ్ణి కాబట్టి ఏ పనిని ఎలా చేయకుండా ఉండాలో నాకు బాగా తెలుసు.

చట్టం పుస్తకంలో మొదటి పేజీలు

ముందుగా ఆ పేజీలను స్టేప్లర్‌తో కుట్టేయండి. ఏ యూనివర్సిటీ చట్టం తెరిచినా మొదట్లోనే ఒక ప్రమాదకరమైన వాక్యం ఉంటుంది. యూనివర్సిటీ చట్టం పుట్టించిన సంస్థ, దానికి తన సొంత ముద్ర ఉంటుంది, అధికారులు మారినా అది కొనసాగుతుంది, తన పేరు మీద ఆస్తి ఉంచుకోవచ్చు, దావా వేయొచ్చు, దావా ఎదుర్కోవచ్చు అని. అంటే చట్టం దృష్టిలో యూనివర్సిటీ వేరే మనిషి. సెక్రటేరియట్‌లో ఒక సెక్షన్ కాదు. వేరే మనిషి అంటే ప్రభుత్వం ఏదైనా అడిగినప్పుడు 'కుదరదు' అనే హక్కు కూడా ఉందన్నమాట. ఈ సంగతి మీకు తెలిసినా ఫర్వాలేదు. మీకు తెలుసని సెక్రటేరియట్‌కు తెలియకూడదు.

దీనికి అన్నింటికంటే మంచి ఉపాయం, అడిగేవారూ జవాబిచ్చేవారూ ఒకరే అయ్యేలా చూడటం. మన పక్కనే ఉదాహరణ ఉంది. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 2022లో వీసీ పదవీకాలం ముగిసింది. 2024 అక్టోబరులో అల్దాస్ జానయ్య వచ్చేదాకా పూర్తికాలపు వీసీ లేరు. నడుమ హైకోర్టు కోసం వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూముల్లోంచి ప్రేమావతిపేట, బుద్వేల్ గ్రామాల పరిధిలో 100 ఎకరాలిస్తూ జీవో 55 వచ్చింది. అప్పటికి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇన్‌ఛార్జి వీసీ ఎవరయ్యా అంటే, ప్రభుత్వంలో వ్యవసాయ శాఖ కార్యదర్శే. ఆ అధికారిని నేనేమీ అనడం లేదు. ఎంత సమర్థుడైనా, పొద్దున కార్యదర్శి హోదాలో వచ్చిన ఆలోచనకు సాయంత్రం వీసీ హోదాలో అభ్యంతరం రాసి, మర్నాడు మళ్లీ కార్యదర్శిగా ఆ అభ్యంతరాన్ని చదివి బాధపడటం ఏ మనిషికీ అయ్యే పని కాదు. అందుకే ఇన్‌ఛార్జి పద్ధతి గొప్పది. అందులో గొడవే పుట్టదు.

2024 మేలో ఇంకో పది రాష్ట్ర విశ్వవిద్యాలయాల వీసీల పదవీకాలం ఒకేసారి ముగిసింది. ముగుస్తుందని మూడేళ్ల ముందే తెలుసు, నియమించిన రోజునే ఆ తేదీ కాగితం మీద ఉంది. అయినా అక్టోబరు దాకా ఐఏఎస్ అధికారులే అన్నిచోట్లా ఇన్‌ఛార్జులు. కాబట్టి వీసీగారూ, మీరు పూర్తికాలపు వీసీ అయితే మీ పదవీకాలం చివరి ఏడాదిలో సెర్చ్ కమిటీ సంగతి ఎవరికీ గుర్తు చేయకండి. ఇన్‌ఛార్జి అయితే మరీ మంచిది. పెద్ద నిర్ణయమైతే 'నేను ఇన్‌ఛార్జినే కదా' అనండి. చిన్న నిర్ణయమైనా అదే అనండి.

సెర్చ్ కమిటీ వేయక తప్పకపోతే, అది ఒకే పేరు పంపేలా చూడమని మా రోజుల్లో చెప్పేవాళ్లం. ముగ్గురి పేర్లుంటే గవర్నర్‌గారు ఆలోచించాల్సి వస్తుంది, పెద్దవాళ్లకు శ్రమ. కానీ ఆ చిట్కా ఇప్పుడు పాతబడింది. కేరళలో అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయానికి అలాగే ఒక్క పేరు పంపితే, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నియామకాన్నే కొట్టేసింది. వీసీ అప్పటికి మూడున్నరేళ్లుగా కుర్చీలో ఉన్నారు.

మీరు చదవకూడని కేసు

ఉస్మానియా లైబ్రరీలో పాత తీర్పుల సంపుటాలుంటాయి. 1967 సుప్రీంకోర్టు సంపుటం జోలికి మాత్రం వెళ్లకండి. అందులో డి.ఎస్. రెడ్డి కేసు ఉంది. యూనివర్సిటీ అంటే ప్రభుత్వ శాఖే అనుకునేవాళ్లకు ఆ తీర్పు చదివితే నిద్ర పట్టదు.

కథ చిన్నదే. డి.ఎస్. రెడ్డిగారు 1957 నుంచి ఉస్మానియా వీసీ. 1964లో మరో ఐదేళ్లకు మళ్లీ నియమించారు. ప్రభుత్వానికీ ఆయనకూ పొసగలేదు. కాసు బ్రహ్మానందరెడ్డిగారి హయాంలో 1966లో ఉస్మానియా చట్టాన్ని ఒకే ఏడాది రెండుసార్లు సవరించారు. మొదటి సవరణ వీసీ పదవీకాలాన్ని ఐదు నుంచి మూడేళ్లకు కుదించింది. తీసేయాలంటే దుష్ప్రవర్తనో అసమర్థతో ఉండాలి, న్యాయమూర్తి స్థాయి వ్యక్తి విచారణ జరపాలి అని రక్షణ కూడా పెట్టింది. అంతా బాగానే ఉంది గానీ, అప్పటికే కుర్చీలో ఉన్న మనిషి సంగతేమిటి? ఆ సందేహం తీర్చడానికే రెండో సవరణ. చట్టం వచ్చేనాటికి పదవిలో ఉన్న వీసీ, కొత్త వీసీ వచ్చేదాకా మాత్రమే ఉంటారు, ఆ కొత్త వీసీని 90 రోజుల్లో నియమించాలి అని ఒక సెక్షన్ చేర్చారు. ఆ సెక్షన్ వర్తించే మనిషి రాష్ట్రం మొత్తానికి ఒక్కరే. ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల వీసీలకు అలాంటి సెక్షన్ పెట్టలేదు.

హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. ఆయన ఊరుకోలేదు, ఢిల్లీ వెళ్లారు. సుప్రీంకోర్టు ఆ సెక్షన్ రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమంది. మిగతా వీసీలకు విచారణ రక్షణ ఉండి ఈయనకు మాత్రం లేకపోవడానికి కారణమేమిటని అడిగింది. ప్రభుత్వం దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. మొత్తం అసెంబ్లీ కూర్చుని ఒక్క మనిషి కోసం చట్టం చేస్తే, ఆ ఒక్క మనిషి దాన్ని కొట్టేయించాడు.

నా సలహా మీకు అర్థమయ్యే ఉంటుంది. మిమ్మల్ని పంపించేయాలనుకున్నప్పుడు గొడవ చేయకండి. మంచి రోజు చూసి రాజీనామా ఇచ్చేయండి. డి.ఎస్. రెడ్డిగారిలా కోర్టుకెళ్తే మీ తరవాత వచ్చే వీసీలకు కూడా వెన్నెముక ఉందన్న అనుమానం వస్తుంది.

భూమి

ఇది మీ చేతిలో ఉన్న అసలు సంపద. చదువు సంగతి తరవాత చూసుకోవచ్చు.

నోట్ ఫైల్లో భూమినెప్పుడూ ఖాళీ స్థలంగానే చూపించండి. అందులో విత్తన మళ్లున్నా, ప్రయోగశాల వాళ్లు ఏళ్లుగా కొలుస్తున్న చెట్లున్నా, నెమళ్లున్నా సరే. విలువ రాయాల్సి వచ్చినప్పుడు హెచ్‌ఎండీఏ వేలం ధర ఒక్కటే రాయండి. 2023 ఆగస్టులో ఇదే బుద్వేల్‌లో 100 ఎకరాలు, 14 ప్లాట్లు, వేలం వేస్తే 3,625 కోట్లు వచ్చాయి. ఎకరం తక్కువలో తక్కువ 33.25 కోట్లు, ఎక్కువలో ఎక్కువ 41.75 కోట్లు. ఈ లెక్క ముందు పెడితే ఏ ప్రొఫెసరూ నోరెత్తలేడు. ఎత్తితే, మీ మడిలో ఎకరాకు ఎంత పండిందని అడగండి.

ఆర్‌ఎన్‌ఆర్ 15048 గురించి మాత్రం ఎవరినీ మాట్లాడనివ్వకండి. మార్కెట్లో తెలంగాణ సోనా అని అమ్ముతున్న సన్నబియ్యం అదే. 2015లో విడుదలైంది. పేరులోని ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. ఒక వరి వంగడం తేవాలంటే సంకరం చేసిన నాటి నుంచి విడుదల దాకా ఎనిమిదేళ్లో పదేళ్లో పడుతుంది. అన్నేళ్లూ అదే నేల, అదే నీరు, అదే మడి కావాలి. మడి మారితే లెక్క మొదటికొస్తుంది. ఈ సంగతి బయటికి పొక్కితే, వ్యవసాయ విశ్వవిద్యాలయానికి భూమి ఇంటిస్థలం కాదని, అదే దాని లాబరేటరీ అని జనం అనుకునే ప్రమాదముంది. 1963 చట్టంతో ఈ విశ్వవిద్యాలయాన్ని పెట్టినవాళ్లు, 1965లో వచ్చి ప్రారంభించిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, అప్పటి తిండిగింజల కరువులో అలాగే అనుకున్నారు. పాతకాలం మనుషులు.

ఏ సంస్థ ఏ పని కోసం భూమి తీసుకుందో ఆ పనికే ఉంచాలని, ప్రభుత్వం ప్రకృతి సంపదకు యజమాని కాదు ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసులో చెప్పిన దానితో కలిపి కొందరు వాదిస్తారు. వాళ్లతో వాదించకండి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు హాయిగా సంతకం పెట్టేయండి. అడిగింది ఎవరో చూడండి మరి. హైకోర్టుకు స్థలం అవసరం కాదని ఎవరంటారు? పాత భవనం ఇరుకే, అది నిజం. అవసరం ఎంత మంచిదైతే, ఇవ్వాల్సినవాళ్లను అడగాలన్న సంగతి అంత తేలిగ్గా మరిచిపోవచ్చు. పైగా ఈ కేటాయింపు మీద కడుపు మండినవాడు రిట్ వేయాలంటే ఎక్కడికి వెళ్లాలో ఒకసారి ఆలోచించండి.

విద్యార్థులు రోడ్డెక్కుతారు, అది మామూలే. 2024 జనవరిలో ఎక్కారు. ఆ ఆందోళనలో ఒక విద్యార్థి నాయకురాలిని స్కూటర్ మీద వెళ్తున్న మహిళా పోలీసులు జుట్టు పట్టుకుని ఈడ్చిన వీడియో దేశమంతా చూసింది. అలాంటప్పుడు యూనివర్సిటీ తరఫున ఏం ప్రకటన ఇవ్వాలి? ఏమీ ఇవ్వకూడదు. పిల్లలు మీవాళ్లు, భూమి మీది, క్యాంపస్ మీది, అయినా మాట మాత్రం పోలీసుల దగ్గర్నుంచే రావాలి.

ఇక్కడే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ తప్పు చేసింది. దాని క్యాంపస్‌ను ఆనుకుని కంచ గచ్చిబౌలిలో ఉన్న 400 ఎకరాలను 2004లో ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకిచ్చింది, 2006లో రద్దు చేసింది, కేసు దాదాపు పద్దెనిమిదేళ్లు నడిచి 2024లో ప్రభుత్వం గెలిచింది. 2025 మార్చి చివర్లో బుల్డోజర్లు దిగాయి. యూనివర్సిటీ సమ్మతితోనే హద్దుల సర్వే జరిగిందని ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ అంటే, అలాంటి సర్వే జరగనేలేదని రిజిస్ట్రారే బహిరంగ ప్రకటన ఇచ్చారు. చూశారా, వేరే మనిషినని చట్టంలో రాసుంటే నిజంగానే వేరే మనిషిలా మాట్లాడటం! ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. హైకోర్టు రిజిస్ట్రార్‌ను ఆ మధ్యాహ్నమే స్థలానికి పంపి నివేదిక తెప్పించుకుంది. చెట్ల నరికివేత ఆగింది. అప్పుడు హైకోర్టు నుంచి గచ్చిబౌలికి వెళ్లడానికి కాస్తయినా టైము పట్టింది. మీ దగ్గరికైతే నడిచొస్తారు.

పాలక మండలి సమావేశం

మండలిలో ఎవరుంటారో ముందు తెలుసుకోండి. 1991 విశ్వవిద్యాలయాల చట్టం కిందైతే ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు హోదా రీత్యా ఉంటారు. మిగతావాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు. కార్యదర్శులు రారు, కింది అధికారిని పంపుతారు. ఆ అధికారి 'సార్‌తో మాట్లాడి చెప్తాను' అంటారు. ఇంత అనుకూలమైన సభ కూడా ఒక్కోసారి ప్రశ్నలడుగుతుంది కాబట్టి జాగ్రత్తలు తీసుకోవాలి.

ఎజెండా ముందుగా పంపమంటారు. పంపండి. అందులో గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ, ఇద్దరు అటెండర్ల పదోన్నతి, స్నాతకోత్సవం గౌనుల కొనుగోలు పెట్టండి. అసలు విషయాన్ని 'టేబుల్ ఐటెం'గా దాచిపెట్టి, సమోసాలు వచ్చాక బయటికి తీయండి. చేతిలో సమోసా ఉన్న సభ్యుడు 40 పేజీల కాగితం తిరగేయడు. నూనె అంటుతుందని భయం.

అంతకంటే సులువైన దారి, సమావేశమే లేకుండా చేయడం. అత్యవసరమైతే వీసీ తానే నిర్ణయం తీసుకుని తరవాత మండలికి చెప్పొచ్చని చట్టాల్లో ఒక వెసులుబాటు ఉంటుంది. వరదొచ్చినప్పుడు, పరీక్షల ముందు రోజు ప్రశ్నపత్రం లీకైనప్పుడు వాడుకోమని పెట్టారు దాన్ని. మీరు కారు టైర్లు మార్చడానికి కూడా వాడండి. ఆర్నెల్లకోసారి అన్నీ కట్టగట్టి 'ర్యాటిఫికేషన్' కింద పెట్టేస్తే సరి. మండలి ధ్రువీకరించకపోతే ఏమవుతుందని ఒక వీసీగారు నన్నడిగారు. అలా ఎప్పుడూ జరగలేదని చెప్పాను. ఆయన కాస్త నిరాశపడ్డట్టనిపించింది.

కారణాలు రాయొద్దు

విద్యార్థి మీద చర్య తీసుకునేటప్పుడు ముందు సస్పెన్షన్ ఉత్తర్వు టైపు చేయించండి. ఆ తరవాత షోకాజ్ నోటీసు టైపు చేయించండి. తేదీలు మాత్రం తారుమారు కాకుండా చూసుకోండి. మా సెక్షన్లో ఒకసారి జవాబు అందిన రోజుకు మూడు రోజుల ముందే జవాబు సంతృప్తికరంగా లేదని ఉత్తర్వు వెళ్లింది. జవాబు రాసిన పిల్లవాడు దాన్ని ఫ్రేము కట్టించుకున్నాడని విన్నాను.

కాపీ కొట్టినవాడైనా సరే, అతని మాట వినకుండా ఫలితం రద్దు చేయకూడదని సుప్రీంకోర్టు 1962లోనే ఘనశ్యాందాస్ గుప్తా కేసులో చెప్పింది. యూనివర్సిటీ రాజ్యాంగం 12వ అధికరణం కింద 'రాజ్యం' లెక్కలోకే వస్తుంది. అందుకే 226వ అధికరణం కింద హైకోర్టు మిమ్మల్ని నేరుగా అడగగలదు, ఈ పని చేయమని ఆదేశించగలదు. ఇవన్నీ మీకు చెప్పడానికి స్టాండింగ్ కౌన్సెల్ ఉంటారు. ఆయనకు ఫీజు బకాయి పెట్టండి, చెప్పడం మానేస్తారు.

మీకు పనికొచ్చే తీర్పు ఒకటుంది. చదువుకు సంబంధించిన నిపుణుల నిర్ణయాల్లో కోర్టులు తొందరపడి జోక్యం చేసుకోకూడదని మైసూరు విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు అంది. దాన్ని ప్రతి కౌంటర్ అఫిడవిట్‌లో పెట్టించండి. హాస్టల్ నీళ్ల ట్యాంకు ఎందుకు కడగలేదన్నా, మెస్ బిల్లు ఎందుకు పెరిగిందన్నా అది అకడమిక్ వ్యవహారమనే చెప్పండి. నిపుణుల కమిటీ అసలు కూర్చోకపోయినా ఆ తీర్పు ఉంటుంది కదా.

ఇక అన్నింటికంటే రుచికరమైన సంగతి. చాలా రిట్లు ఒక్క వాయిదాలోనే తేలిపోతాయి. 'పిటిషనర్ దరఖాస్తును నాలుగు వారాల్లో చట్టప్రకారం పరిశీలించి తగిన ఉత్తర్వులివ్వండి' అంటుంది కోర్టు. ఎవరు గెలిచారో విద్యార్థికి అర్థం కాదు. మీరు ఐదో వారం చివర ఒక్క వాక్యం పంపండి: 'మీ దరఖాస్తు పరిశీలించి తిరస్కరించడమైనది.' ఎందుకో రాయకండి. రాస్తే ఆ కారణం తప్పని ఎవరైనా నిరూపించగలరు. రాయకపోతే నిరూపించడానికి ఏమీ ఉండదు. అతను మళ్లీ రిట్ వేస్తాడు, కారణాలు లేవని కోర్టు మళ్లీ వెనక్కి పంపుతుంది, మీరు మళ్లీ పరిశీలిస్తారు. ఈలోగా అతని కోర్సు అయిపోతుంది, అతనికి పెళ్లి కూడా అయిపోతుంది.

ఒక్క ఇబ్బంది. ఉత్తర్వు అమలు చేయకపోతే ఏడాదిలోగా కోర్టు ధిక్కార పిటిషన్ వేయొచ్చు. అప్పుడు రిజిస్ట్రార్ స్వయంగా హాజరు కావాలి. పాత భవనానికైతే ట్రాఫిక్ వల్ల ఆలస్యమైందని చెప్పుకునే వీలుంది. రేపు బుద్వేల్ నుంచి బుద్వేల్‌కు రావడానికి ఏ ట్రాఫిక్ అడ్డొచ్చిందని అడిగితే చెప్పేదేముంటుంది?

పది రూపాయల దరఖాస్తు

సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మీరు 29వ రోజున 'మీరడిగిన సమాచారం స్పష్టంగా లేదు' అని రాయండి. మూల్యాంకనం చేసిన తన జవాబుపత్రం చూసే హక్కు విద్యార్థికుందని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది, కాబట్టి దాన్ని నిరాకరించకండి. 'పత్రాలు స్ట్రాంగ్‌రూంలో ఉన్నవి, వెతుకుచున్నాము' అనండి. మొదటి అప్పీలు మీ యూనివర్సిటీలోనే పై అధికారి దగ్గరికి వస్తుంది, కింది అధికారి రాసింది సరైందేనని ఆయనే తేల్చొచ్చు.

రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్తుంది. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తరవాత రెండేళ్లకు పైగా ఆ కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. అది స్వర్ణయుగం. 2025 మేలో కొత్తవాళ్లను నియమించి ఆ యుగాన్ని ముగించారు.

ఆ చట్టం నాలుగో సెక్షన్ చదవడం ఇంకా ప్రమాదం. మండళ్లు, కమిటీలు ఏవేవి ఉన్నాయో, వాటి మినిట్స్ ప్రజలు చూడొచ్చో లేదో ఎవరూ అడగకుండానే ప్రకటించమంటుంది. మీ నిర్ణయం ఎవరిని దెబ్బతీసిందో వాళ్లకు కారణాలు చెప్పమంటుంది. మీ వెబ్‌సైట్లో ఆ పేజీ తెరిస్తే 'నిర్మాణంలో ఉంది' అని కనబడాలి. పక్కన గౌను తొడుక్కున్న మీ ఫొటో ఉంటే చాలు.

మిగిలినవి పొడిపొడిగా

అధ్యాపకుల పోస్టులు భర్తీ చేయకండి. కాంట్రాక్టు, పార్ట్‌టైం వాళ్లతో సెమిస్టర్ గడిచిపోతుంది, వాళ్లు ఎప్పుడూ భయపడుతూనే ఉంటారు కాబట్టి అకడమిక్ కౌన్సిల్ ప్రశాంతంగా ఉంటుంది. ఎందుకు భర్తీ చేయలేదని అడిగితే చూపించడానికి మంచి కారణం దొరికింది కూడా. 2022 సెప్టెంబరులో విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి నియామక బోర్డు బిల్లును అసెంబ్లీ ఆమోదించింది. అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సందేహాలున్నాయని ఆపారు, ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది, బిల్లులు వీలైనంత త్వరగా తేల్చాలని కోర్టు 2023 ఏప్రిల్‌లో గుర్తు చేసింది. ఇంత జరిగినా క్లాసులోకి ఒక్క కొత్త మాస్టారూ రాలేదు, ఎవరి తప్పూ కాలేదు.

పట్టా అర్హత వచ్చిన 180 రోజుల్లోగా ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధన. అర్హత ఎప్పుడొచ్చిందో మీరే తేలుస్తారు కాబట్టి ఆ 180 రోజులు మీ ఇష్టం. విద్యార్థుల ఫిర్యాదుల కోసం అంబుడ్స్‌పర్సన్‌ను పెట్టమని యూజీసీ 2023లో మళ్లీ చెప్పింది. పెట్టండి. ఆయనకు గది, గుమస్తా, నేమ్‌ప్లేటు మూడింట్లో ఏదో ఒకటే ఇవ్వండి. నేమ్‌ప్లేటు అయితే చవక.

చివరిగా ఒక హెచ్చరిక. ఈ కాగితం విద్యార్థుల చేతిలో పడనివ్వకండి. వాళ్లకు తిరగేసి చదివే అలవాటుంది.

పడిందంటే మాత్రం, బాబూ, అమ్మా, మీకొక మాట. యూనివర్సిటీలో ఏ కిటికీ దగ్గర ఏ దరఖాస్తు ఇచ్చినా రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, రబ్బరు ముద్ర వేయించుకోండి. 'రేపు రండి, ముద్ర లేదు' అంటే ముద్ర వచ్చేదాకా అక్కడే నిలబడండి. నేను ఆ కిటికీ లోపల కూర్చున్నవాణ్ణి, ముద్ర ఎప్పుడూ సొరుగులోనే ఉంటుంది.